చిన్న షెడ్డులో మిగిలిపోయిన చెక్కముక్కలు ఎలా దాచుకోవాలి? మన డెల్టా తేమకి నిలబడేలా

మీరడిగింది టూకీగా ఇదీ అండి: మండపేట పక్కన ఊళ్ళో ఇంటి వెనకాల 10 బై 12 రేకుల షెడ్డు, మూడు వైపులా ఇటుక గోడ, లోపల చిన్న టేబుల్ రంపం, పని బల్ల. మిగిలిన ముక్కలన్నీ ఓ మూల గుట్ట పోశారు, వానాకాలం వచ్చేసరికి అడుగు వరస బూజు పట్టింది, ప్లై ముక్కలు ఉబ్బాయి, కావాల్సిన ముక్క కావాల్సినప్పుడు దొరకదు, పారేద్దామంటే మనసు రాదు. ర్యాకు ఎలా కట్టుకోవాలి, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని.

సూటిగా చెప్పాల్సింది ముందు చెప్పేస్తాను. నేలకి అడుగు ఎత్తు, గోడకి నాలుగు వేళ్ళ ఎడం. మూడడుగులు దాటిన ముక్కలు పడుకోబెట్టండి, అంతకన్నా పొట్టివి నిలబెట్టండి, ప్లై ముక్కలు అంచు మీద నిలబెట్టండి. ర్యాకు ఎంత పెద్దది కట్టాలో ముక్కల్ని చూసి నిర్ణయించకండి, షెడ్డుని చూసి నిర్ణయించండి. అది నిండిందా, ఇక కొత్త ముక్క లోపలికి రావాలంటే పాత ముక్క ఒకటి బయటికి పోవాల్సిందే. ఈ ఆఖరి మాట ఒక్కటి పట్టుకుంటే మిగతావి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ఇప్పుడు వివరంగా.

యూట్యూబ్‌లో కనపడే ర్యాకులన్నీ చోటు కలిసి రావడానికి కట్టినవండి. మనకి చోటు రెండో సమస్య, మొదటిది నీళ్ళు. గోదావరి కింద కాలవల మధ్య ఉన్నాం, రెండడుగులు తవ్వితే చెమ్మ తగిలే నేలలు, జూన్ నుంచి నవంబర్ దాకా గోడలు కూడా చెమరుస్తా ఉంటాయి. గాల్లో తేమ 80 శాతం ఉందనుకోండి, చెక్క ఎంత ఎండినదైనా సరే మెల్లగా గాల్లోంచి పీల్చుకుని తనలో తేమ 15-16 శాతం దగ్గర నిలబెట్టుకుంటది. గాల్లో 50 శాతం ఉంటే అదే చెక్క 9 దగ్గరికి దిగుద్ది. ఇది ఎవరూ ఆపలేరు, ఆపక్కర్లేదు కూడా. అసలు చూడాల్సింది 20 శాతం దాటకుండా. అది దాటిందంటే బూజు, తర్వాత కుళ్ళు. గాలి వల్ల అంత పైకి పోయేది తక్కువేనండి, నేల తగిలితేనో, గోడ చెమ్మ తగిలితేనో, రేకు మీంచి చుక్కలు పడితేనో పోద్ది. అందుకే మీ గుట్టలో పై వరస బానే ఉంది, అడుగు వరసకి బూజొచ్చింది.

రేకు చుక్కల సంగతి చాలామంది పట్టించుకోరు. పుష్యమాసంలో మంచు పడే రోజుల్లో పొద్దున్నే షెడ్డులోకెళ్ళి రేకు లోపలివైపు చెయ్యి పెట్టి చూడండి, తడిగా ఉంటది. అది కారి సరిగ్గా రీపరు కింద ఒకే చోట పడతా ఉంటది, ఆ చోటే మీ ర్యాకు ఉందంటే పై అర ముక్కలకి నల్ల చుక్కలు పడతాయి. పై అర మీద ఓ పాత ఫ్లెక్సీయో, ప్లై ముక్కో కాస్త వాలుగా కప్పెయ్యండి చాలు. ప్లాస్టిక్ షీటుతో ర్యాకు మొత్తం చుట్టెయ్యకండి. లోపల చెమ్మ బయటికి పోయే దారి ఉండదు, ఆవిరి పట్టేసి ఉన్నదానికన్నా ఎక్కువ పాడవుద్ది. పైన గొడుగు, పక్కలు బాహాటం, అంతే.

ఇక ర్యాకు. గోడకి బ్రాకెట్లు కొట్టుకోమని అందరూ చెప్తారు గానీ మన ఊళ్ళ షెడ్లకి అది చూసి చెయ్యాలి. షెడ్డు గోడంటే చాలామంది అర ఇటుక గోడే కట్టిస్తారు, ఇటుక కూడా సరిగ్గా కాలనిది వేస్తారు, అందులో యాంకర్ బోల్ట్ బిగిస్తే మొదట్లో బానే ఉంటది, బరువు పడ్డాక ఇటుక పొడై ఊడొచ్చేద్ది. బరువు తక్కువనుకోకండి. టేకు ఒక ఘనపుటడుగు సుమారు 18 కేజీలు తూగుద్ది, ర్యాకు మీద పది సీఎఫ్టీ పెట్టారంటే అది దాదాపు 180 కేజీలు. ముక్కలే కదా అని పెడతా పోతాం, ఎప్పుడు పది అయ్యిందో తెలీదు.

కాబట్టి నేను చెప్పేది నేల మీద నిలబడే స్టాండు, గోడకి పడిపోకుండా పైన మాత్రం రెండు చోట్ల పట్టీ కట్టుకునేది. ఒకటిన్నర అంగుళం ఐరన్ యాంగ్లర్లు మూడు నిలువు, ఒక్కో దానికి అడుగున్నర పొడుగు చేతులు నాలుగు వెల్డింగ్ చేయించుకోండి, చేతుల చివర అర అంగుళం పైకి లేచి ఉంటే ముక్క జారి కాళ్ళ మీద పడదు. నిలువులకి అడుగున ముందుకీ వెనక్కీ పాదం ఇప్పించండి, లేకపోతే బరువంతా ముందుకే లాగుద్ది. నిలువుకీ నిలువుకీ మధ్య రెండడుగులు మించొద్దు. మూడడుగులు పెడితే ఖర్చు తగ్గుద్ది గానీ ముప్పావు అంగుళం పలక రెండు వానాకాలాలు దానిమీద పడుకుందంటే ఉయ్యాల బల్లలా వంగిపోద్ది, తర్వాత ఎంత చిత్రిక పట్టినా సగం పొట్టులోకే పోద్ది. ఇనుము వద్దనుకుంటే సర్వి బాదులతో కట్టుకోవచ్చు, చవక, గట్టిది, కాకపోతే అడుగు భాగం నేలకి తగలకుండా రాయి మీద నిలబెట్టాలి.

ఇనుముతో ఒక చిక్కుంది. టేకు, తుమ్మ, మద్ది లాంటి వాటిల్లో వగరు ఎక్కువ, చెమ్మగా ఉన్న ఆ చెక్కకి వట్టి ఇనుము తగిలిందంటే తగిలిన చోట ఇంకు పోసినట్టు నల్లటి పట్టీ పడద్ది. పైపైన గీకితే పోదు, లోపలికి దిగుద్ది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం గాలి తగిలే ఊళ్ళల్లో అయితే రంగేసిన యాంగ్లరు కూడా ఏడాదిలో తుప్పు పొంగుద్ది. మా దగ్గర చేతుల మీద పాత పీవీసీ పైపు నిలువుగా చీల్చి తొడిగేశాను. ముప్పావు అంగుళం పైపు ముక్కలు ప్లంబింగ్ పని జరిగిన ఏ ఇంట్లో అడిగినా ఊరికే ఇస్తారు.

కాళ్ళ కింద రాతి పలకలో, ఇనప రేకు ముక్కలో వేసి నిలబెట్టండి. అడుగు ఎత్తు ఎందుకంటే మూడు కారణాలు, నీళ్ళు, చెదలు, పురుగూ పుట్రా. నీళ్ళ సంగతి చెప్పాను.

చెదలు మట్టిలోంచి వస్తాయి, వెలుతురులో నడవలేవు, అందుకే మట్టితో సొరంగం కట్టుకుంటా పైకొస్తాయి. సిమెంటు గచ్చు ఉంది కదా అని ధైర్యం వద్దు, గచ్చుకీ గోడకీ మధ్య వెంట్రుకంత పగులు చాలు. ర్యాకు అడుగున ఖాళీగా, ఊడ్చడానికి వీలుగా ఉంటే ఆ మట్టి గీత కాళ్ళ మీదో గోడ మీదో ఎక్కడో ఓ చోట కంటపడి తీరుద్ది. గోడకి నాలుగు వేళ్ళ సందు పెట్టమన్నది కూడా ఇందుకే, టార్చి వేస్తే వెనక గోడ కనపడాలి. నెలకోసారి ఊడ్చేటప్పుడు ఓ చూపు వేసి, గీత కనపడితే చీపురుతో దులిపి రెండ్రోజులాగి మళ్ళీ చూడండి. మళ్ళీ కట్టిందంటే అక్కడ పుట్ట బతికే ఉంది. అప్పుడు మందు కొట్టాల్సింది నేలకీ గోడ మొదలుకీనండి, చెక్కకి కాదు. అది మనం పంపు పట్టుకుని కొట్టుకునేది కాదు, పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలవండి.

చెద పట్టిన ముక్క పైకి తెలీదు, అదీ గొడవ. పైన రంగు అలాగే ఉంటది, గీతలు అలాగే ఉంటాయి, చేత్తో ఎత్తితే మాత్రం ఉండాల్సిన బరువుండదు. గోరుతో కొట్టి చూడండి, మంచి ముక్క టంగుమంటది, తిన్న ముక్క తప్‌మంటది. బొటనవేలుతో నొక్కితే పైనున్న పొర పాపడంలా విరిగి వేలు లోపలికి పోద్ది, లోపల మెత్తగా ఉండే భాగం అంతా తినేసి గట్టి రేకలు పుస్తకం పేజీల్లా మిగిల్చి మధ్యన మట్టి నింపేసి ఉంటది. అలాంటి ముక్క దొరికితే దాన్ని ఒక్కదాన్నే తీసి ఊరుకోకండి, ఆ అర మొత్తం దింపి ఒక్కోటీ కొట్టి చూడండి.

చెదలు వేరు, పుచ్చు పురుగు వేరు. పుచ్చుకి మట్టితో పని లేదు, ఎగిరొచ్చి చెక్క మీద గుడ్లు పెట్టుద్ది, పిల్లలు లోపలే తింటా పెరిగి గుండుసూది తలంత కన్నం పెట్టి బయటికొస్తాయి. కింద పౌడరు డబ్బా ఒలికినట్టు మెత్తటి తెల్లపిండి రాలిందంటే అదే. పాత కన్నాలు చూసి కంగారు పడక్కర్లేదు. ఆ చోటు శుభ్రంగా తుడిచి కింద ఓ నల్ల కాయితం పరిచి వారం ఆగండి, కొత్త పిండి పడితే పురుగు బతికున్నట్టు, పడకపోతే ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు. ఇది తినేది ఎక్కువగా చేవ కాని తెల్లభాగమే, అందులో ఉండే పిండిపదార్థం కోసం. టేకు చేవలోకి రాదు, అదే టేకు ముక్క అంచున ఉండే తెల్లపట్టీలోకి వస్తది. మామిడి అయితే చెప్పక్కర్లేదు, మామిడి పలక ముక్కలు ర్యాకులో పెట్టడమంటే పురుగుని భోజనానికి పిలిచినట్టే. వెదురు కూడా అంతే.

మామిడి, నిద్రగన్నేరు లాంటివి ఉంచుకోవాల్సి వస్తే నేను చేసేది: పది లీటర్ల వేన్నీళ్ళలో 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, రంగూ పాలిషూ లేని వట్టి చెక్కకి బ్రష్‌తో రెండు సార్లు అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన చివరలకి పట్టించి నీడలో ఆరబెట్టడం. ఇది ఉప్పు లాంటిది, నీళ్ళలో తడిస్తే కడుక్కుపోద్ది, కాబట్టి బయట వాడే వస్తువుకి పనికిరాదు. కూరగాయలు కోసుకునే చెక్కకీ, పిల్లల బొమ్మలకీ వాడే ముక్కలకి అసలు పట్టించొద్దు, అలాంటి ముక్కలు విడిగా ఓ బుట్టలో ఉంచండి. చవకగా తేలాలంటే తెల్లభాగం ముందే కోసి పారెయ్యండి, మందూ వద్దు గొడవా వద్దు.

మూడో కారణం పురుగూ పుట్రా. దీనికి నవ్వకండి. మూలన చెక్కల గుట్ట అంటే తేలుకీ జెర్రికీ ఎలకకీ ఇల్లు, ఎలకున్న చోటికి పాము రాక మానదు, కాలవ గట్టు పక్క ఊళ్ళల్లో కట్లపాము గడప దాటి లోపలికి రావడం వింతేం కాదు. గుట్టలోంచి ముక్క తీసేటప్పుడు చెయ్యి పెట్టేది కనపడని సందులోకి. అడుగు ఎత్తున అరలు పెట్టి కింద ఖాళీగా వదిలేస్తే లైటు వెయ్యగానే నేలంతా కనపడుద్ది. నిలబెట్టిన ముక్కల డ్రమ్ములోంచి తీసేటప్పుడు మాత్రం ముందు డ్రమ్ముని కాలితో ఓ తన్ను తన్ని తియ్యండి, అలవాటు చేసుకోండి.

డ్రమ్ము అన్నాను కదా, పొట్టి ముక్కలకి అదే బెస్ట్. భీమవరం, ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల దగ్గర నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు పాతవి అమ్మేస్తా ఉంటారు, సగానికి కోసి రెండు చేసుకోండి. అందులో మందులు వచ్చి ఉంటాయి కాబట్టి ముందు బాగా కడిగి ఎండలో పడెయ్యండి. అడుగున వేలు పట్టేంత కన్నాలు ఓ పది పెట్టండి, లేకపోతే లోపల చెమ్మ అడుగున నిలబడిపోద్ది. రెండు డ్రమ్ములు పెట్టుకుని ఒకదాంట్లో అడుగు నుంచి రెండడుగుల దాకా, రెండోదాంట్లో రెండు నుంచి మూడు. అడుగులోపు ముక్కలు డ్రమ్ములో వెయ్యొద్దు, అడుక్కి జారిపోయి మళ్ళీ కనపడవు, వాటికి చేపల ట్రేలు వాడండి, చుట్టూ సందులుంటాయి కాబట్టి గాలి కూడా ఆడుద్ది. ట్రేలు బల్ల కింద రెండు పడతాయి. మూడో ట్రే కొనకండి.

ప్లై విషయం. ప్లై ముక్కల్ని గోడకి వాలుగా ఆనించి వదిలేస్తే వారంలో విల్లు అయిపోద్ది, నేల మీద పరిస్తే అడుగు ముక్క పొరలు విడిపోద్ది. నిటారుగా, అంచు మీద, పుస్తకాల అలమరాలో పుస్తకాల్లాగా. కింద రెండు రీపర్లు, మధ్య మధ్యలో నిలువు కర్రలు పెట్టి గళ్ళుగా కట్టుకోండి, ఆరు అంగుళాలకి ఒక గడి. గడి నిండుగా ఉంటే వంగదు, సగం ఖాళీగా ఉంటేనే వంగుద్ది. ఇంకోటి, పెద్ద షీటు కోసేటప్పుడు కంపెనీ ముద్ర ఏదో ఒక ముక్కకే పోద్ది, మిగతా ముక్కలకి అది మామూలు ప్లైయో వాటర్‌ప్రూఫో తెలీదు. కోసిన రోజే పెన్సిల్‌తో 303 అనో 710 అనో రాసి పడెయ్యండి. ఐఎస్ 303 మామూలు ప్లై, ఐఎస్ 710 నీళ్ళకి ఆగే రకం. ఆర్నెల్ల తర్వాత రెండూ చూడ్డానికి ఒకటే, కిచెన్ సింకు కింద పెట్టాక తెలుస్తది తేడా. ఎండీఎఫ్ (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పలక) ముక్కలు మాత్రం దాచకండి. మన వానాకాలం ఒకటి దాటేసరికి అంచులు బిస్కెట్టులా ఉబ్బుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏది ఉంచాలి. అందరూ పొడుగు చూసి ఉంచుతారు, పొడుగ్గా ఉంది పనికొస్తది అని. నేను ముందు మందం చూస్తాను, తర్వాత వెడల్పు, ఆఖర్న పొడుగు. ఎందుకంటే పొడుగు చాలకపోతే జాయింటు పెట్టుకోవచ్చు, వెడల్పు చాలకపోతే రెండు అంటించుకోవచ్చు, మందం చాలని ముక్కకి అతుకేస్తే అది అతుకులాగే కనపడుద్ది. పైగా ఇంట్లో చిన్న షెడ్డులో మందం చెక్కే మిషన్ ఉండదు, ముప్పావు అంగుళం ముక్కలు నాలుగు ఒకే మందంలో దొరకడమే కష్టం. అందుకని అరలు కూడా మందం ప్రకారమే వేసుకోండి: పై అర అర అంగుళం లోపు పట్టీలు బీడింగులు, తర్వాత ముప్పావు నుంచి అంగుళం, తర్వాత ఒకటిన్నర పైన, అన్నిటికన్నా కింద దూలం ముక్కలు, గుమ్మం చెక్కల ముక్కలు. బరువు కిందుంటే స్టాండు కూడా కదలదు.

జానెడు కన్నా పొట్టి ముక్కైతే నా దగ్గర పొయ్యిలోకే, ఏ చెక్కైనా. మినహాయింపు చేవ టేకు, రోజ్‌వుడ్, పనస. టేకు ముక్కలు ఉలి పిడులకి, చెక్క సీలలకి, తలుపు ఆపులకి పనికొస్తాయి. పనస మన దొడ్లల్లోదే అయినా దాని పసుపు రంగు పాలిష్ పడ్డాక తేనె రంగుకి తిరుగుద్ది, దేవుడి మందిరానికి చిన్న చిన్న పట్టీలు వేసుకోవచ్చు. నూజివీడులో వీణలు చేసేది పనసతోనే కదండీ. వేప ముక్కలు అడుగు పైన ఉంటే ఉంచండి, చెద తొందరగా ముట్టదు, కాకపోతే మెలి తిరుగుద్ది కాబట్టి పెద్ద పనికి నమ్మొద్దు. తాటి దూలం ముక్కలు పైచేవ వరకే తీసుకోండి, లోపల దవ్వ లాంటిది వదిలెయ్యండి, తీసేటప్పుడు గ్లవుజులు వేసుకోండి, ఆ ఈనె చేతిలో విరిగిందంటే తియ్యడం మహా ఇబ్బంది. కొబ్బరి కూడా అంతే, బయట అంచు ఇనుము, లోపల బెండు. 96 నవంబర్ తుఫాను తర్వాత కోనసీమలో పడిపోయిన కొబ్బరి చెట్లకి లెక్క లేదు, అప్పుడు కోయించి అటకెక్కించిన కొబ్బరి పలకలు ఇప్పటికీ అక్కడక్కడా పెంకుటిళ్ళల్లో కనపడతాయి, ఎండినవి ఎండినట్టే ఉన్నాయి. పచ్చి కొబ్బరి ముక్క మాత్రం షెడ్డులోకి తేకండి, అందులో తీపి ఉంటది, వారంలో నల్లబూజు పట్టి పక్కవాటికి అంటిస్తది.

పాత మండువా ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే కలప గురించి మీరు అడగలేదు గానీ ఎలాగూ తెస్తారు, మనవాళ్ళెవరూ ఆగలేరు. తేండి, ఆ టేకు ఇప్పుడు డిపోలో కొనలేం. కాకపోతే ర్యాకు ఎక్కించే ముందే పని ఉంది. అయస్కాంతం తీసుకుని ప్రతి ముఖం మీద తిప్పండి, తల తెగిపోయిన మేకులు లోపల ఉంటాయి, వాటిని తీశాకే అరలో పెట్టండి, రంపం దగ్గర చూసుకుందాంలే అనుకుంటే అప్పుడు గుర్తుండదు. గోడలో కూరుకున్న చివర్లకి సున్నం గట్టిపడి ఉంటది, వైరు బ్రష్‌తో గీకెయ్యండి, చిత్రిక అంచు దాని మీద పడిందా మళ్ళీ సాన పట్టాల్సిందే. పాత కిటికీ రెక్కల మీద పొరలు పొరలుగా ఆయిల్ పెయింట్ ఉంటే పొడిగా ఇసక్కాయితం పెట్టి రుద్దకండి, పాత రంగుల్లో సీసం ఉంటది, ఆ దుమ్ము మీకూ మంచిది కాదు ఇంట్లో పిల్లలకి అసలు మంచిది కాదు. మాస్క్ పెట్టుకుని తడిపి గీకండి.

కాకినాడ పోర్టు నుంచి వచ్చే పాలెట్లు కూడా తెస్తారు కొందరు. ముద్ర చూడండి, హెచ్‌టీ అని ఉంటే తెచ్చుకోండి, అది వేడి పెట్టినది, చెక్క నడిబొడ్డు 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతారు, పురుగు చస్తది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, అది వదిలెయ్యండి. ముద్ర లేనిదీ, నూనె మరకలున్నదీ కూడా వదిలెయ్యండి.

ప్రతి ముక్క చివర పేరు రాయడం చాదస్తంలా ఉంటది గానీ రాయండి. సుద్ద ముక్కతో రాస్తే చెమ్మకి పోద్ది, పెన్సిలో మార్కరో. టే, వే, ప, ని, ఇలా ఒక్క అక్షరం, పక్కన వచ్చిన సంవత్సరం. మా సావిట్లో ముక్కలన్నీ చివర్లు బయటికి కనపడేలా పెడతాం, వచ్చినవాళ్ళకి అక్షరమాల నేర్పుతున్నట్టుందని మా బావ ఎగతాళి. పచ్చిగా ఉన్న ముక్కైతే చివరకి పాత పెయింటు ఏదైనా పూసెయ్యండి, చెక్క చివరలోంచి చాలా తొందరగా ఆరిపోద్ది, అందుకే పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. అంగుళం మందానికి ఏడాది ఆరాలని మనవాళ్ళు చెప్పే లెక్క మన గాలికి దాదాపు సరిపోద్ది.

లంక గ్రామాల్లో, ఏటిగట్టు లోపల ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి వేరే మాట. అడుగు ఎత్తు మీకు చాలదు. గోదావరికి 2022 జూలైలో వచ్చినట్టు వరద వస్తే ర్యాకు మునగడమే కాదు, చెక్క తేలుద్ది కదా, అరల్లోంచి లేచి వెళ్ళిపోద్ది. రాజోలు వైపు మాకు తెలిసినాయన షెడ్డులో ముక్కలు పక్కవాళ్ళ అరటితోటలో దొరికాయి, కొన్ని దొరకనేలేదు. ప్రతి అరకీ ఓ నైలాను తాడు చుట్టి ముడేసే ఏర్పాటు ముందే ఉంచుకోండి, మంచి టేకు ముక్కలు అటకెక్కించండి. ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక 13.75 అడుగులకి ఇస్తారు, మూడోది 17.75కి. రెండోది విన్న రోజే ఎక్కించెయ్యాలి, మూడోది వచ్చాక చెక్కల సంగతి ఎవరికి గుర్తుంటది. మునిగిన ముక్కల్ని ఎండలో పరిచెయ్యకండి, పగిలిపోతాయి. బురద కడిగి, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి రీపరు పెట్టి, నీడలో గాలికి పేర్చి, పైన బరువు పెట్టండి. ప్లై మునిగితే ఆశ వదులుకోండి.

పొట్టు గురించి ఒక మాట. రంపపు పొట్టు ర్యాకు కింద పోగవనివ్వకండి, చెమ్మ పీలుస్తది, చెదని పిలుస్తది. గోతాంలో పట్టి పొట్టు పొయ్యి ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యండి, పల్లెల్లో ఇంకా నీళ్ళు కాచుకోడానికి వాడుతున్నారు. లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు మాత్రం ఆ గోతాంలోకీ, ముక్కల ట్రేల్లోకీ ఉండచుట్టి పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుద్ది, ఉండగా ఉంటే దానంతటదే అంటుకుంటది. తాడు మీద విప్పి ఆరేసి, ఆరాక పారెయ్యండి.

ఇక తీసెయ్యడం. మనసు రాదన్నారు కదా, మనసుని అడక్కండి, తేదీ పెట్టుకోండి. నేను ఏడాదికి రెండు సార్లు ర్యాకు మొత్తం దింపుతాను. ఒకటి రోహిణి కార్తెలో, తొలకరికి ముందు: అన్నీ బయట చెట్టు నీడలో ఓ పూట పరిచి, స్టాండు దులిపి, వెనక గోడ చూసి, మళ్ళీ ఎక్కించడం. రెండోది భోగికి ముందు వారం. దాన్లో తీర్పు చెప్పేది సంవత్సరం అంకె. రెండేళ్ళుగా కదలని ముక్క, జానెడు లోపు ముక్క, పగిలింది, మెలి తిరిగింది అన్నీ భోగి మంటకి. వీధిలో పిల్లలు గుమ్మం ముందుకొచ్చి అడుగుతారు కూడా, ఇచ్చెయ్యండి.

అందులోకి వెయ్యకూడనివి విడిగా తీసి ఉంచండి: ప్లై, ఎండీఎఫ్, సన్‌మైకా అంటించినవి, రంగు వేసినవి. ఆ జిగురు పొగ పీల్చడానికి పనికిరాదు, చుట్టూ చంటిపిల్లల్నెత్తుకుని నిలబడతారు. నీళ్ళ కాగు కింద కూడా వద్దు. ప్లై ముక్కల్లో కాస్త పెద్దవి కోళ్ళ గూళ్ళకీ, వెల్డింగ్ షాపుల్లో అడుగున వేసుకోడానికీ అడుగుతా ఉంటారు, మిగతావి చెత్త బండికే.

మీ షెడ్డుకి లెక్క చెప్తే, 12 అడుగుల గోడ వైపు ఆరడుగుల పొడుగు స్టాండు ఒకటి, దాని పక్కన రెండు సగం డ్రమ్ములు, బల్ల కింద రెండు ట్రేలు, తలుపు వెనకాల మూడడుగుల ప్లై గళ్ళు. అంతకు మించి కట్టకండి. రంపం వెనకాల మాత్రం ఏమీ పెట్టొద్దు, పొడుగు పలక కోసేటప్పుడు అటువైపు కనీసం ఆరడుగులు ఖాళీ కావాలి, తలుపుకి ఎదురుగా పెట్టుకుంటే పలక గుమ్మంలోంచి బయటికి పోద్ది.